తాండూరు బండ, తెలుగు చానల్

తాండూరు చుట్టుపక్కల నేలలో నాపరాయికి కరువు లేదు. పొరలు పొరలుగా లేచే ఆ బండలతోనే అక్కడివాళ్లు గోడలు కట్టుకున్నారు, ఇంటి ముందర పరుచుకున్నారు. అయితే ఊరి రాయి ఊరు దాటి సరుకు కావాలంటే దాన్ని మోసుకుపోయే బండి ఉండాలి. వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాదుకు నిజాం హయాంలో వేసిన రైలుమార్గం 1874లో తెరుచుకుంది. తాండూరు, వికారాబాదు రెండూ ఆ దారిలోనే ఉన్నాయి. కాలక్రమంలో గనులు, పాలిషింగ్ యూనిట్లు, సిమెంటు ఫ్యాక్టరీలు వెలిశాయి. తాండూరు బ్లూ, తాండూరు ఎల్లో అన్న పేర్లతో అవే బండలు దూరదూరాల ఇళ్లకు చేరాయి.

ఆన్‌లైన్‌లో తెలుగు మాట నాలుగు రూపాయలు తెచ్చిపెట్టిన చరిత్ర కూడా ఇంచుమించు ఇదే. సరుకు ముందునుంచీ ఉంది. బండే ఆలస్యంగా వచ్చింది.

ఇంటర్నెట్టు రాకముందు కూడా ఊళ్లో కూర్చుని రాతతో సంపాదించాలని చూసినవాళ్లున్నారు. 1974లో విశాఖపట్నంలో మొదలైన ఈనాడు 1989లో జిల్లా అనుబంధాలు తెచ్చింది. మిగతా పత్రికలూ అదే బాట పట్టాయి. దాంతో మండలానికో విలేకరి అవసరమయ్యాడు. ఆయన ఉద్యోగి కాదు, కంట్రిబ్యూటర్. నెల జీతం ఉండదు. అచ్చయిన వార్తలను కొలిచి ఇంత పొడవుకు ఇంత అని లెక్కగట్టి ఇచ్చేవారు. దానికి విలేకరుల వాడుకలో లైన్ అకౌంట్ అని పేరు. ఆ డబ్బు పెట్రోలుకే చాలేది కాదు. అసలు రాబడి ప్రకటనల కమీషన్‌లో ఉండేది: పండగ శుభాకాంక్షలు, నాయకుల పుట్టినరోజులు, కొత్త దుకాణాల ప్రారంభోత్సవాలు. ఇవాళ వ్యూస్ లెక్క చూసుకుంటూ, ఇంకోవైపు బట్టల షాపు ప్రమోషన్ ఒప్పుకునే యూట్యూబర్‌కు ఈ కంట్రిబ్యూటరే పెద్దన్న వరస. కొలబద్ద మారింది గాని బతుకు లెక్క పెద్దగా మారలేదు.

తెలుగులో బ్లాగు రాసినవాళ్లకైతే ఆ లైన్ అకౌంట్ డబ్బు కూడా దక్కలేదు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా పుట్టింది. 2006లో వీవెన్ రూపొందించిన లేఖినితో ఇంగ్లీషు కీబోర్డు మీదే తెలుగు టైపు చేయడం తేలికైంది. బ్లాగులన్నింటినీ ఒకచోట చూపించే కూడలి కూడా ఆ రోజుల్లోనే వచ్చింది. కథలు, కవిత్వం, వంటలు, సినిమా తగాదాలు, పద్యాల మీద వాదోపవాదాలు అన్నీ జోరుగా సాగాయి. ఈ-తెలుగు బృందం హైదరాబాదు పుస్తక ప్రదర్శనలో స్టాలు పెట్టి, కంప్యూటర్‌లో తెలుగు రాయడం ఎలాగో వచ్చినవాళ్లకు ఓపిగ్గా చూపించింది. రాసేవాళ్లున్నారు, చదివేవాళ్లున్నారు. డబ్బు మాత్రం లేదు.

కారణం సాంకేతికమైనదే. గూగుల్ 2003లో తెచ్చిన యాడ్‌సెన్స్ పేజీలోని భాషను గుర్తించి దానికి తగిన ప్రకటన వేస్తుంది. అప్పట్లో దాని జాబితాలో తెలుగు లేదు. జాబితాలో లేని భాషలో నడిచే పేజీకి ప్రకటన పెట్టుకునే అర్హత కూడా లేదు. అందుకే బ్లాగుతో బతకాలనుకున్న భారతీయుడు ఇంగ్లీషులో రాయాల్సి వచ్చింది. 2004లో ఉద్యోగం వదిలి ఆగ్రా నుంచి టెక్నాలజీ బ్లాగు నడిపిన అమిత్ అగర్వాల్ అలాగే నిలదొక్కుకున్నారు. యాడ్‌సెన్స్ 2014 చివర్లో హిందీని చేర్చుకుంది. తెలుగు వంతు 2018లో వచ్చింది. కోట్లమంది మాట్లాడే భాషకు పదిహేనేళ్ల నిరీక్షణ! అప్పటికి బ్లాగర్లలో చాలామంది ఫేస్‌బుక్కుకు తరలిపోయారు.

ఈలోగా రాతను దాటుకుని వీడియో ముందుకు పోయింది. 2016 సెప్టెంబరు 5న జియో మొదలైంది, నెలల తరబడి డేటా ఉచితంగా ఇచ్చింది. సరిగ్గా ఆ తర్వాతి నెల, అక్టోబరు 11న, రంగారెడ్డి జిల్లా నుంచి వికారాబాదు విడిపోయి కొత్త జిల్లా అయింది. అంటే ఈ జిల్లాకు, చవక డేటాకు ఒకే ఈడు.

ఆ ఏడాదే గుంటూరు జిల్లాలో తెనాలి దగ్గరి గుడివాడకు చెందిన మస్తానమ్మ కట్టెల పొయ్యి ముందు కూర్చుని వండుతుంటే, మునిమనవడు లక్ష్మణ్, అతని స్నేహితుడు శ్రీనాథ్ రెడ్డి కలిసి కంట్రీ ఫుడ్స్ చానల్ మొదలుపెట్టారు. వందేళ్లు దాటిన మనిషిగా పేరుపడ్డ ఆమెను పది లక్షలకు పైగా సబ్‌స్క్రైబర్లు అనుసరించారు. 2018 డిసెంబరులో ఆమె కన్నుమూశారు. 2017లో తెలంగాణలో నారాయణ రెడ్డి గ్రాండ్‌పా కిచెన్ మొదలైంది. గంపలకొద్దీ వండి అనాథ పిల్లలకు పెట్టేవారు. ఖర్చుకు యూట్యూబు ఆదాయంతోపాటు ప్యాట్రియాన్‌లో అభిమానులు పంపే డబ్బు ఆసరా అయ్యింది. 2019 అక్టోబరులో డెబ్బై మూడేళ్ల వయసులో ఆయనా పోయారు.

వీటన్నిటికంటే తెలంగాణ పల్లెలకు దగ్గరి ఉదాహరణ జగిత్యాల జిల్లా మల్యాల మండలం లంబాడిపల్లి. శ్రీరాం శ్రీకాంత్ 2012లోనే మై విలేజ్ షో మొదలుపెట్టారు. చవక డేటా రావడానికి అది నాలుగేళ్ల ముందు. స్టూడియో లేదు, సెట్టు లేదు. ఊరి వీధి, పొలం గట్టు, ఆ ఊరి యాస. నటులంతా ఊరివాళ్లే. పొలం పనులు చేసుకునే గంగవ్వ అందులో ముఖ్య పాత్ర అయ్యింది, 2019లో మల్లేశం, ఇస్మార్ట్ శంకర్ సినిమాల్లో కనిపించింది, 2020లో బిగ్ బాస్ నాలుగో సీజన్‌కు వెళ్లింది. సినిమాల్లో ఎన్నో ఏళ్లు నవ్వించడానికే వాడుకున్న యాస ఇక్కడ కథ నడిపింది. డబ్బు కన్నా పెద్ద సంగతి అదేననిపిస్తుంది.

డబ్బు మాటకొస్తే లెక్క కొంత కటువుగానే ఉంటుంది. మామూలు వీడియో మీద వచ్చే ప్రకటన రాబడిలో 55 శాతం చానల్‌ది, మిగతాది యూట్యూబుది. చూసేవాడు ఏ దేశంలో ఉన్నాడన్నదాన్ని బట్టి ప్రకటన ధర మారుతుంది. డాలస్‌లో కూర్చుని చూసే తెలుగువాడి వల్ల వచ్చేది, తాండూరులో చూసేవాడి వల్ల వచ్చేదానికన్నా ఎక్కువ. అమెరికా నుంచి వచ్చే వ్యూస్ మీద అక్కడి పన్ను కోత 2021 నుంచి మొదలైంది. ఖాతాలో పది డాలర్లు చేరితే చిరునామా నిర్ధారణకు గూగుల్ పిన్ నంబరున్న కవరు పంపుతుంది. పల్లెలో ఆ కవరు తెచ్చేది పోస్ట్‌మ్యానే. చేతికి డబ్బు రావాలంటే వంద డాలర్లు నిండాలి.

ఒడిదొడుకులూ తక్కువేం లేవు. 2020 జూన్ 29న టిక్‌టాక్ నిషేధంతో ఎందరో పల్లె కళాకారుల అనుచరులు రాత్రికి రాత్రే మాయమయ్యారు. ఆ కళాకారులు రీల్స్‌కు, షార్ట్స్‌కు మళ్లి మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టుకున్నారు. 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారని పలువురు ఇన్‌ఫ్లుయెన్సర్లపై హైదరాబాదు పంజాగుట్ట పోలీసులు కేసులు పెట్టారు. వ్యూస్‌తో నిండని జేబును ప్రమోషన్లతో నింపుకునే అలవాటుకు అది గట్టి దెబ్బ.

మరి వికారాబాదు, తాండూరుల సంగతి? అనంతగిరి కొండల్లో మూసీ పుట్టుక, పద్మనాభస్వామి గుడి, కోటిపల్లి ప్రాజెక్టులో పడవలు: సెలవు రోజుల్లో హైదరాబాదు నుంచి కెమెరాలు వరస కడతాయి. ఒకప్పుడు క్షయ రోగులు మంచి గాలి కోసం చేరిన కొండ అది. ఇప్పుడక్కడ తీసే వీడియోల్లో చాలావాటి రాబడి నగరానికే పోతుంది. ఊరివాళ్లు చెప్పాల్సిన కథలు ఊళ్లోనే మిగిలి ఉన్నాయి. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు దక్కింది. దాని సాగు, ఆ పప్పు రుచి, గనిలో బండ లేపే పని, కన్నడం, ఉర్దూ కలిసిన సరిహద్దు మాట, వీటిలో ఒక్కోటీ ఏళ్లపాటు నడిచే చానల్‌కు సరిపోతుంది.

మొదలుపెట్టేవాళ్లకు షరతులు ఇవి. ప్రకటనల వాటా కావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో నాలుగు వేల గంటల వీక్షణ ఉండాలి. లేదా తొంభై రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూస్ రావాలి. చానల్ తెరవడానికి గాని, ఆదాయానికి దరఖాస్తు పెట్టడానికి గాని యూట్యూబు పైసా తీసుకోదు. డబ్బు కడితే మానిటైజేషన్ తెప్పిస్తామనేవాళ్లు ఎదురైతే ఇవ్వకండి.