ఆగిన పట్టాభిషేకం, ఆగని పండుగ

ఇంగ్లండు రాజుల పట్టాభిషేకమంటే లండన్ నగరం, వెస్ట్‌మినిస్టర్ ఆబీ, ఊరేగింపు మన కళ్ళ ముందు మెదులుతాయి. 1902లో అక్కడి పల్లెల్లో జరిగింది తెలుసుకుంటే రాజుకన్నా ఊరిజనం గురించి ఎక్కువ తెలుస్తుంది.

విక్టోరియా రాణి 1901 జనవరి 22న మరణించింది. ఆమె పట్టాభిషేకం 1838 నాటిది. అంటే 64 ఏళ్ళుగా ఆ దేశంలో అటువంటి వేడుకే లేదు. ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి 1902 జూన్ 26న ముహూర్తం పెట్టారు. మే 31న బోయర్ యుద్ధం కూడా ముగియడంతో ఉత్సాహం రెట్టింపయింది.

పల్లెల్లో కమిటీలు ఏర్పడ్డాయి. చర్చి గురువు, భూస్వామి, బడిపంతులు వంటివారు పెద్దలు. ఖర్చు చాలావరకు ఊరి చందాలే. ఉదయం చర్చిలో ప్రార్థన, మధ్యాహ్నం విందు, పిల్లలకు టీ, పరుగుపందేలు, తాడులాగుడు, చీకటిపడ్డాక కొండల మీద మన భోగిమంటల వంటి పెద్ద మంటలు. పిల్లలకు రాజు రాణి బొమ్మలతో, తేదీతో సహా అచ్చయిన పింగాణీ కప్పులు. వారానికి ఏ ఒక్కసారో మాంసం తినే కూలి కుటుంబానికి ఆ విందు చిన్న విషయం కాదు.

జూన్ 24న పిడుగులాంటి వార్త వచ్చింది. రాజుకు కడుపులో చీముగడ్డ, ఆపరేషన్ చేశారు, ఉత్సవం వాయిదా. పల్లెల్లో అనుకున్నట్టే వేడుకలు జరుపుకోవాలని రాజు కోరినట్టు ప్రకటన కూడా వెలువడింది. అయినా కమిటీలకు ఎటూ పాలుపోలేదు. రాజు ప్రాణాపాయంలో ఉండగా పండుగేమిటని కొందరు, కొన్న మాంసం ఏం చెయ్యాలని కొందరు. కొన్ని ఊళ్ళు విందు పెట్టి మంటలు మాత్రం ఆపాయి, కొన్ని అన్నీ ఆపేశాయి. వాట్‌ఫర్డ్ పట్టణంలో వేడుకలు వాయిదా వేసినందుకు జనం తిరగబడి దుకాణాల అద్దాలు పగలగొట్టారు. వాళ్ళ కోపం రాజు మీద కాదు, ఊరి పెద్దల మీద.

ఈ వాయిదా కోర్టులకూ ఎక్కింది. కామర్స్ చదివినవారికి క్రెల్ వర్సెస్ హెన్రీ కేసు గుర్తుండే ఉంటుంది. ఊరేగింపు చూడడానికి లండన్‌లోని పాల్‌మాల్‌లో రెండు పగళ్ళకు 75 పౌన్లకు గదులు మాట్లాడుకున్న హెన్రీ, అడ్వాన్సు 25 పోగా మిగిలిన 50 పౌన్లు ఇవ్వనన్నాడు. ఊరేగింపే ఒప్పందానికి ఆధారం, అది లేనప్పుడు బాకీ లేదని 1903లో అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది. మన 1872 కాంట్రాక్టు చట్టం 56వ సెక్షన్ చెప్పేటప్పుడు ఈనాటికీ ఈ కేసు ప్రస్తావిస్తారు.

పల్లె చందాల సంగతి వేరు. అక్కడ కాగితం మీద ఒప్పందం లేదు. అయినా అణాపైసల లెక్కన ఇచ్చిన చందాకు ఒక మాట ఉంది. రాజు కోసమని ఊరు డబ్బు పోగుచేసినా, ఆ విందు తమదేనని కూలివాడు అనుకున్నాడు. అందులో తప్పేముంది?

రాజు కోలుకున్నాడు. ఆగస్టు 9న కిరీటం ధరించాడు. ఆ రోజు కొన్ని ఊళ్ళు మిగిలిన పండుగ పూర్తిచేశాయి. కప్పులు మాత్రం అప్పటికే తయారయ్యాయి. జూన్ 26 అని అచ్చయిన ఆ కప్పులు నేటికీ పాతవస్తువుల దుకాణాల్లో దొరుకుతాయి.