దుమ్ము పట్టని ఒక నివేదిక

సర్వీసులో ఉండగా బీరువాల్లో దుమ్ము పట్టిన కమిటీ నివేదికలు చాలా చూశాను. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రపు నివేదిక గతి అలా కాలేదు. నల్లమందు జాతి నొప్పిమాత్రలకు అలవాటుపడి జనం చనిపోతుంటే, 2015 ఫిబ్రవరిలో గవర్నర్ చార్లీ బేకర్ సలహా బృందాన్ని వేశారు. జూన్‌లో 65 సిఫార్సులు అందాయి. ఆ మాత్రలు తొలిసారి రాసేటప్పుడు 3 రోజులకే రాయాలని గవర్నర్ కోరారు; శాసనసభ 7 రోజులకు అంగీకరించింది. 2016 మార్చిలో చట్టమైంది. క్యాన్సర్ నొప్పి వంటివాటికి మినహాయింపు ఉంది. దొంగచాటు ఫెంటానిల్ వల్ల మరణాలు వెంటనే ఆగలేదు. అయినా ఇళ్లలో మాత్రలు మిగలరాదన్న ఆలోచన మంచిదే.

నా మోకాలి ఆపరేషన్‌నాటి మాత్రలు మనవడికి అందే సొరుగులోనే రెండేళ్లు ఉన్నాయి. ఇది చదివాకే డాక్టరుగారిని అడిగి తీసేశాను. మిత్రులారా, మీ సొరుగులూ ఒకసారి చూసుకోండి.