ట్రిపుల్ ఐటీ హైదరాబాద్: కంప్యూటింగ్, మానవీయ శాస్త్రాలు

1998లో గచ్చిబౌలిలో మొదలైన ట్రిపుల్ ఐటీ హైదరాబాద్, కంప్యూటర్ సైన్స్ బీటెక్‌కు మానవీయ శాస్త్రాల్లో పరిశోధనా ఎంఎస్‌ను జోడించి అయిదేళ్ల ద్వంద్వ డిగ్రీ ఇస్తోంది. ప్రోగ్రామింగ్ నేర్చే విద్యార్థే సాహిత్యం, చరిత్ర, తత్వశాస్త్రం చదివి థీసిస్ రాయాలి. ఐటీ కంపెనీల నడుమ ఇది అరుదైన, అవసరమైన ప్రయత్నం.

ఈ కలయిక భాషాశాస్త్రంలో బాగా పండింది. ‘సీత రవికి పుస్తకాన్ని ఇచ్చింది’ అన్న వాక్యంలో పదాలను అటూఇటూ మార్చినా అర్థం చెడదు. ఎవరు ఇచ్చారో, ఎవరికి ఇచ్చారో విభక్తులే చెబుతాయి. అందుకే ఇక్కడి భాషా సాంకేతిక పరిశోధన కేంద్రం వాక్యంలోని పదాలకు క్రియతో ఉన్న సంబంధాన్ని వివరించే పాణినీయ కారక సిద్ధాంతాన్ని ఆధారం చేసుకుని హిందీ, తెలుగు వాక్యాలను కంప్యూటర్ విశ్లేషించేలా గుర్తులు పెట్టి సిద్ధం చేసింది. వ్యాకరణం తెలియని ఇంజనీరు ఒక్కడే చేయగల పని కాదిది. సంస్థ పాలక మండలికి చాలాకాలం అధ్యక్షత వహించిన రాజ్ రెడ్డి, 1994 ట్యూరింగ్ పురస్కార గ్రహీత, కూడా భాషనూ కంప్యూటర్‌నూ కలిపే దారిలోనే, మాటలను గుర్తించే యంత్రాలపై కృషి చేశారు.