గది కొలత: తోట లైన్ల నుండి దుబాయి ఫ్లాటు దాకా

మన తెలుగులో "అంకణం" అనే మంచి మాట ఒకటి గలదు. రెండు దూలముల నడుమ ఉండే చోటును అంకణం అంటారు. పూర్వము ఇల్లు ఎంత పెద్దదని అడిగితే మన పెద్దలు అడుగుల లెక్క చెప్పేవారు కారు. "మూడంకణాల ఇల్లు", "అయిదంకణాల ఇల్లు" అనేవారు. నెల్లూరు, తిరుపతి ప్రాంతములలో ఈనాటికీ స్థలమును అంకణాల లెక్కన అమ్ముతారు. ఊరిని బట్టి అంకణం 36 చదరపు అడుగులు కావచ్చును, 72 కావచ్చును. కొలత స్థిరము కాకపోయినా మాట స్థిరముగా నిలిచినది. దూలము ఎంత పొడవు దొరికితే గది అంత. చెట్టే గదికి కొలత ఇచ్చినది.

మన పూర్వీకులు ఓడ ఎక్కిన ఉత్తర కోస్తాలో, అనగా విశాఖపట్నం, శ్రీకాకుళం వైపున, పేదవారిది చుట్టిల్లు. గుండ్రని మట్టిగోడ, పైన తాటాకు. గుండ్రని ఇంటికి పొడవేమిటి, వెడల్పేమిటి? పడుకొనుట, పనిచేసుకొనుట, ముచ్చటలాడుట చాలా భాగము వాకిటిలోనే జరిగిపోయేది. గదిని అడుగులతో కొలిచి, ఆ అడుగులను తలల సంఖ్యతో భాగించే లెక్క మనవారికి చెరకు తోటలలోనే ఎదురైనది.

ఆ లెక్క అన్నిటికంటె స్పష్టముగా కనిపించేది ఫిజీలో. అక్కడికి తెలుగువారు మద్రాసు రేవు మీదుగా 1903 నుండి వెళ్ళినారు. వారికి ఇచ్చిన ఇండ్లను "లైన్లు" అన్నారు. పాత లైన్లలో ఒక్కొక్క గది 10 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు. అందులో ముగ్గురు ఒంటరి మగవారు ఉండాలి, లేదా భార్యాభర్తలు ఇద్దరు పిల్లలతో ఉండాలి. గదుల మధ్య గోడ కప్పు దాకా పోయేది కాదు. పైన సందును తీగె వలతో మూసేవారు. ఒక గదిలో దగ్గితే వరుస అంతా వినపడేది. 1908 తరువాత కట్టే గదులు 10 అడుగులకు 12 అడుగులు ఉండాలని చట్టము చేసినారు. అంటే మనిషికి 23 చదరపు అడుగులు ఉన్నది 40 అయినది. అయితే పాత లైన్లు ఒక్క రోజులో పోలేదు. ఆండ్రూస్, పియర్సన్ గార్లు 1915లో వెళ్ళి చూచి, 1916లో ప్రకటించిన నివేదికలో ఆ లైన్ల బ్రతుకును గట్టిగా ఖండించినారు.

మన మారిషస్ ద్వీపములో సంగతి కొంత వేరు. ఇక్కడ అన్ని తోటలలో ఒకే కొలత లేదు. తబ్లిస్మాన్ పక్కన కాంపులలో కూలీలే కట్టుకొన్న గడ్డి గుడిసెలు చాలా ఉండేవి. కాని ఇక్కడ ఇల్లు అనేది ఇంకొక విధముగా కష్టమైనది. 1867 చట్టము తరువాత ఒడంబడిక ముగించుకొన్న "పాత వలసదారు" కూడ ఫోటో అంటించిన పాసు లేకుండా బయట తిరగరాదు. ఎక్కడ నివాసమో ఆ పాసులో ఉండాలి. ఇల్లు సరిగా చూపలేనివాడు దేశదిమ్మరి క్రింద జైలుకు పోవలసివచ్చేది. 1871లో అడాల్ఫ్ ద ప్లెవిట్స్ సహాయముతో 9,401 మంది సంతకాలు పెట్టిన అర్జీ ఈ బాధ గురించినదే.

ఈ సంగతులు శనివారపు తెలుగు తరగతిలో పాఠముగా చెప్పినప్పుడు పిల్లలు వ్రాసుకొంటారు, మరచిపోతారు. అందుచేత ఒకసారి సుద్దముక్క, టేపు తీసుకొని అందరమూ ఆటస్థలములోకి పోయినాము. 10 అడుగులు, 7 అడుగులు గీత గీసినాము. పన్నెండేండ్ల పిల్లలను ముగ్గురిని అందులో పడుకోమన్నాను. పడుకొన్నారు, నవ్వినారు. అప్పుడు "పొయ్యి ఎక్కడ? కట్టెలు ఎక్కడ? ముగ్గురి బట్టల మూటలు, పారలు ఎక్కడ?" అని అడిగినాను. ఒక అమ్మాయి చాలాసేపు ఆలోచించి, "మరి భార్యాభర్తలు ఉంటే పిల్లలు ఎటువైపు తిరిగి పడుకొనేవారు?" అని అడిగినది. దానికి ఏ పుస్తకములోను జవాబు లేదు.

మన ద్వీపములో మనవారు మొదటి ఇల్లు కొన్నది ఎప్పుడు? పాత ముత్తాతల కాగితాలు ఉన్న కుటుంబములవారు పెట్టె తెరిచి చూడండి. చాలామందికి 1880ల తరువాతి తేదీ కనిపిస్తుంది. చక్కెర ధర పడిపోయి, తోటల యజమానులు దూరపు భూములను, రాతి భూములను ముక్కలు చేసి అమ్మిన కాలమది. చరిత్రకారులు దీనిని పెద్ద మోర్సెల్మాన్ అంటారు. మనవారు రూపాయి రూపాయి కూడబెట్టి ఆర్పాన్లలో, పెర్ష్‌లలో కొన్నారు. ఒక ఆర్పాన్‌కు 100 పెర్ష్‌లు. ఒక పెర్ష్ అంటే సుమారు 42 చదరపు మీటర్లు, అనగా 454 చదరపు అడుగులు. వారు నేలను కొన్నారే గాని గదిని కొనలేదు. గది తరువాతి మాట. మొదట గడ్డితో, తరువాత రేకుతో, పిల్లలు పెరిగినకొద్దీ ఒక్కొక్క గది అతికించుకొంటూ పోయినారు. 1960లో ఆలిక్స్, కారోల్ తుపానులు వచ్చి ఆ గడ్డి ఇండ్లను, రేకు ఇండ్లను వేల సంఖ్యలో నేలమట్టము చేసినవి. దాని తరువాతనే ప్రభుత్వము కాలనీలు కట్టినది, మనకు కాంక్రీటు అలవాటైనది. గోడ గట్టిపడినది గాని, గదిని అతికించుకొనే స్వేచ్ఛ తగ్గినది. దక్షిణాఫ్రికాలోని డర్బన్ తెలుగువారికి కూడ ఇటువంటిదే జరిగినది. మేగజైన్ బారకాసులలో తరతరాలుగా ఉన్నవారిని 1960లలో చాట్స్‌వర్త్ కాలనీకి తరలించినారు. అయితే అది తుపాను చేసిన పని కాదు, 1950 నాటి జాతుల విభజన చట్టము చేసిన పని.

అదే 1960లో దుబాయిలో భూముల శాఖ ఏర్పడినది. అప్పటికి అక్కడ నూనె ఇంకా దొరకలేదు. అది 1966లో బయటపడినది. ఎమిరేట్లు ఒక దేశముగా కూడినది 1971 డిసెంబరు 2న. అప్పటి దుబాయిలో సామాన్యుని ఇల్లు ఖర్జూరపు మట్టలతో కట్టిన అరీష్. మన తాటాకు ఇంటికి అది చుట్టమే. వర్తకుల ఇండ్లు పగడపు రాయితో కట్టినవి. ఇరాన్ దేశపు బస్తక్ నుండి వచ్చినవారు కట్టిన బస్తకియాలో, ఇప్పుడు అల్ ఫహీదీ అంటున్నారు, గాలి గోపురములతో ఆ ఇండ్లు కొన్ని ఇంకా నిలిచి ఉన్నవి. అక్కడ గదులు పొడవుగా ఉన్నా వెడల్పు మాత్రము మూడు, మూడున్నర మీటర్లు దాటదు. కారణము ఏమంటే, కప్పుకు వాడినది తూర్పు ఆఫ్రికా నుండి పడవల మీద వచ్చిన మడ చెట్ల వాసము. దానిని చందల్ అనేవారు. ఆ వాసము పొడవు అంతే. చూచితిరా, మన అంకణమే అక్కడా ఉన్నది! ఎడారిలో కూడ గదికి కొలత ఇచ్చినది చెట్టే.

నూనె డబ్బుతో కాంక్రీటు వచ్చినది, దానితో పాటు తెలుగు కూలీలు వచ్చినారు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కరీంనగర్, నిర్మల్ ప్రాంతములనుండి వెళ్ళినవారు వేలమంది. దుబాయిలో సోనాపూర్ అని పిలిచే కార్మికుల నివాసములలో తెలుగు వినని రోజు ఉండదు. 2009లో ఆ దేశపు మంత్రివర్గము 13వ నెంబరు తీర్మానముతో కార్మికుల వసతికి ప్రమాణములు పెట్టినది. మనిషికి కనీసము 3 చదరపు మీటర్లు ఇవ్వాలి. మన లెక్కలో చెప్పాలంటే, త్వాజ్ అంటే సుమారు 41 చదరపు అడుగులు గదా, 3 చదరపు మీటర్లు 32 చదరపు అడుగులు. త్వాజ్‌లో అయిదింట నాలుగు వంతులు అన్నమాట. ఫిజీ పాత లైను కంటే ఎక్కువ, 1908 తరువాతి లైను కంటే తక్కువ.

ఈ పోలికను చూచి ఎవరూ తొందరపడి మాట అనరాదు. సోనాపూర్ గది ఫిజీ గది కాదు. వంటశాల వేరు, స్నానపు గదులు వేరు, ఏసీ ఉండవలెనని అదే తీర్మానము చెప్పుచున్నది. మంచము మీద మంచము వేస్తారు గనుక నేల కొంత మిగులుతుంది. భూకంపములు, యుద్ధములు వచ్చినప్పుడు శిబిరములకు ప్రపంచ సహాయ సంస్థలు పెట్టుకొన్న కనీస కొలత మనిషికి మూడున్నర చదరపు మీటర్లు. అది నివసించే చోటుకు లెక్క, ఇది పడక గదికి లెక్క. అయినా ఆ రెండు అంకెలను పక్కపక్కన వ్రాసి చూచినప్పుడు నాకు మనస్సు కుదుటపడలేదు.

ఆ మూడు మీటర్లలో ఉండి ఆ మనిషి చేసేది ఏమిటి? ఊరిలో ఇల్లు కట్టుచున్నాడు. గల్ఫు డబ్బుతో ఉత్తర తెలంగాణ పల్లెలలో పెంకుటిండ్లు పోయి స్లాబు ఇండ్లు లేచినవి. నాలుగు గదులు, పైన ఇంకో అంతస్తుకు ఎత్తి వదిలిన ఇనుప చువ్వలు. రెండేండ్లకు ఒక నెల వచ్చి ఆ గదిలో పడుకొంటాడు. కొందరు దీనిని ఆడంబరము అంటారు. నాకు అట్లు తోచదు. మన ముత్తాతలు కాంపులో ఉండి మోర్సెల్మాన్‌కు వాయిదాలు కట్టినట్టే ఇది కూడ.

ఇక ఇప్పటి మాట. నావద్ద చదువుకొన్న ఒక అబ్బాయి, అతని భార్య ఇద్దరూ దుబాయిలో ఉద్యోగము చేయుచున్నారు. మొదటి ఇల్లు కొనాలని ఉన్నది. "మాష్టారూ, మీరు లెక్కల మనిషి గదా, రెండు ప్లానులు పంపుతున్నాము, గదులు చూచి చెప్పండి" అని వ్రాసినారు. అక్కడ విదేశీయులు సొంతముగా ఇల్లు కొనవచ్చునని 2002లో ప్రకటించినారు. 2006లో 7వ నెంబరు చట్టము దానికి పునాది వేసినది, నిర్ణయించిన ప్రాంతములలో మాత్రమే. మొదటి ఇంటికి, విలువ 50 లక్షల దిర్హాములు దాటకపోతే, విదేశీయులకు బ్యాంకులు 80 శాతము దాకా అప్పు ఇవ్వవచ్చునని 2020లో సడలించినారు. తక్కిన 20 శాతము, భూముల శాఖకు 4 శాతము రుసుము, చేతిలో ఉండాలి. ఇల్లు కొన్నంత మాత్రాన పౌరసత్వము రాదు. 2022 అక్టోబరు నుండి 20 లక్షల దిర్హాముల ఆస్తి ఉన్నవారికి పదేండ్ల వీసా ఇస్తున్నారు. వీరు చూస్తున్న ఇల్లు ఆ ధరకు చాల తక్కువ. కనుక ఆ వీసా వీరికి రాదు, ఇప్పుడు వీరి నివాసము ఉద్యోగము మీద ఆధారపడి ఉన్నది. ఫోటో అంటించిన పాసు నాకు జ్ఞాపకము రాకపోలేదు. కాని వీరు ఇష్టపడి పోయినవారు, తిరిగి రాగలవారు. ఆ తేడా చిన్నది కాదు.

రెండు ప్లానులూ 780 చదరపు అడుగులే. అంటే ఒకటిముప్పావు పెర్ష్‌ల కంటే కొంచెము తక్కువ. మొదటిదానిలో పెద్ద హాలు, ఒకే పడక గది. రెండవదానిలో హాలు చిన్నది, పడక గది ఒకటి, దాని పక్కన "స్టడీ" అని వ్రాసిన చిన్న గది. అబ్బాయికి పెద్ద హాలు మీద మనసు. అమ్మాయికి చిన్న గది మీద మనసు, ఎందుకంటే పురుడు దగ్గరపడుతున్నది, అత్తగారు మన ద్వీపము నుండి వెళ్ళి ఆరు నెలలు ఉంటారు.

మొదట చెప్పినది బాల్కనీ సంగతి. ప్రకటనలో 780 అన్నప్పుడు బాల్కనీ కూడ కలిసి ఉన్నది. రెండవ ప్లానులో బాల్కనీయే 90. కాగితము మీద ఆ అంకెను కొట్టివేసి మిగిలినది చూడాలి. కట్టుబడి పూర్తయిన తరువాత నికరపు వైశాల్యము ఒప్పందము కంటె 5 శాతానికి మించి తగ్గితే కట్టినవారు నష్టపరిహారము ఇవ్వాలని 2010లో అక్కడ నియమము చేసినారు, కనుక ఒప్పందములో వ్రాసిన అంకెను భద్రముగా ఉంచుకోవాలి. రెండవది, గది మొత్తము కాదు, మంచము వేసిన తరువాత మిగిలే నేల చూడాలి. ఆరడుగుల మంచము, తలుపు తెరుచుకొనే చోటు, బీరువా ముందు మనిషి వంగే చోటు తీసివేస్తే పెద్ద గది అనుకొన్నది చిన్నదవుతుంది. హాలు ఎంత పెద్దదైనా రాత్రి పదకొండు గంటలకు అందులో ఒక పెద్దావిడ పక్క వేసుకొంటే అది హాలు కాదు.

తరువాత ఆ చిన్న గది కొలత చూచినాను. 10 అడుగులు, 7 అడుగులు.

సుద్దముక్కతో గీసిన అదే గది! కొంతసేపు నేను ఏమీ వ్రాయలేకపోయినాను. భారతదేశపు జాతీయ భవన నియమావళి రెండవ గదికి కనీసము ఏడున్నర చదరపు మీటర్లు అడుగుతుంది, ఇది ఆరున్నర. దానిని బట్టి చూస్తే వద్దనాలి. కాని ఫిజీ గదిని నరకము చేసినది ఆ 70 చదరపు అడుగులు మాత్రమే కాదు. ముగ్గురు మనుషులు, అందులోనే పొయ్యి, కప్పు దాకా పోని గోడ. ఒక్క మనిషికి, కప్పు దాకా గోడ, లోపలినుండి గడియ వేసుకొనే తలుపు, గాలికి ఒక కిటికీ ఉంటే అదే కొలత గౌరవమైన గదియే. మనుమరాలో మనుమడో పుట్టినప్పుడు నానమ్మ తన గది తలుపు తాను వేసుకోగలగాలి. కనుక రెండవ ప్లాను తీసుకొమ్మని వ్రాసినాను, ఒక్క షరతు మీద. ప్లానులో ఆ గదికి తలుపు గుర్తు ఉన్నది గాని కిటికీ గుర్తు లేదు. అక్కడి ఫ్లాట్లలో పనిమనిషికని కిటికీ లేకుండా కట్టే గదులు ఉన్నవి. ఇది ఆ జాతిదైతే పేరు మార్చి "స్టడీ" అని వ్రాసినంత మాత్రాన దానికి గాలి రాదు.

శనివారము పోయి స్వయముగా చూచి వస్తామని ఇద్దరూ వ్రాసినారు. టేపు తీసుకొని పొమ్మన్నాను.