పరుల సొత్తు అమ్మిపెట్టే చేయి: మదీనా వేలం నుండి ఆదోని మార్కెట్టు దాకా

కర్నూలు జిల్లా పశ్చిమ భాగాన మంత్రాలయం, కోసిగి, కౌతాళం, ఎమ్మిగనూరు ప్రాంతాల నల్లరేగడిలో పండే పత్తికి పెద్ద అంగడి ఆదోని. రైతు తన పత్తిని సాధారణంగా తానే అమ్ముకోడు. ఒక మండీలో దించుతాడు. మండీ యజమాని, అనగా కమీషన్ ఏజెంటు, దానిని కొనుగోలుదార్లకు చూపించి, హెచ్చు ధర ఇచ్చినవానికి అప్పగించి, తన కమీషను పట్టుకొని మిగిలిన పైకం రైతుకు చెల్లిస్తాడు. సరకు ఒకరిది, అమ్మే చేయి మరొకరిది. ఆ చేయి ఎవరి పక్షాన పనిచేస్తున్నది? ఇస్లామీయ ధర్మశాస్త్రం ఈ ప్రశ్నను చాలా తొలిరోజులలోనే ఎదుర్కొన్నది.

ఒక అన్సారీ దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) వద్దకు వచ్చి యాచించిన సంఘటన అబూ దావూద్, ఇబ్నె మాజా గ్రంథాలలో హజ్రత్ అనస్ (రజి) ద్వారా విపులంగా వచ్చింది. తిర్మిజీలో దాని వేలం భాగం కనిపిస్తుంది. ఇంట్లో ఏమున్నదని ప్రవక్త (స) అడిగారు. ఒక ముతక కంబళి, నీళ్ళు త్రాగే ఒక పాత్ర ఉన్నాయని అతడు చెప్పాడు. వాటిని తెప్పించి, స్వయంగా చేతిలో పట్టుకొని, కొనేవారెవరని సభలో అడిగారు. ఒకరు ఒక దిర్హం ఇస్తానన్నారు. అంతకు మించి ఇచ్చేవారెవరని రెండు మూడు మార్లు అడిగిన మీదట మరొకరు రెండు దిర్హములకు తీసుకున్నారు. ఆ రెండు దిర్హములూ అన్సారీ చేతికే చేరాయి. ఒకటి ఇంటి తిండికి, రెండవది గొడ్డలికి. గొడ్డలికి పిడి కూడా ప్రవక్త (స) స్వహస్తాలతోనే బిగించారు. తిర్మిజీ దీనిని హసన్ హదీసుగా పేర్కొన్నారు. పరంపరలోని ఒక ఉల్లేఖకుని విషయంలో కొందరు హదీసువేత్తలకు సంశయం ఉన్నది. ఏమైనా, పరుని సొత్తును బహిరంగ వేలంలో అమ్మిపెట్టడానికి పండితులు ముందుగా చూపే నిదర్శనం ఇదే.

అన్సారీ సొత్తు ఉచితంగా అమ్ముడైంది. ప్రతిఫలం తీసుకుంటే? మదీనా వర్తకులను అప్పట్లో ‘సమాసిరా’ అనగా దలాలులని పిలిచేవారు. ప్రవక్త (స) వారికి ‘తుజ్జార్’ అనే మెరుగైన పేరు పెట్టి, వ్యాపారంలో వ్యర్థపు మాటలు, ప్రమాణాలు దొర్లుతాయి గనుక దానితో దానధర్మాలను కలుపుకొమ్మని బోధించినట్లు హజ్రత్ ఖైస్ బిన్ అబీ గరజా (రజి) తెలిపారు. ఇబ్నె సీరీన్, అతా, ఇబ్రాహీం, హసన్ వంటి తాబయీలకు దలాలి రుసుములో దోషం కనబడలేదని ఇమామ్ బుఖారీ నమోదు చేశారు. ఫలానా ధరకు పైన వచ్చినది నీదేనని చెప్పి బట్ట అమ్మమనడం కూడా ఇబ్నె అబ్బాస్ (రజి) దృష్టిలో తప్పు కాదు. అయితే కూలి ఎంతో ముందుగా తెలియదన్న కారణంతో ఎక్కువమంది ఫుఖహా దీనిని ఒప్పుకోలేదు.

షరతులు కఠినమైనవి. కొనే ఉద్దేశం లేకుండా ధర పెంచే ‘నజష్’ నిషిద్ధం. అమ్మకానికి వకీలుగా నియుక్తుడైనవాడు ఆ సరకును తనకు తానే కొనుక్కోరాదు. ధర విషయంలో హనఫీ ఇమాములలోనే భేదమున్నది. వకీలు తక్కువ ధరకు అమ్మినా చెల్లుతుందని ఇమామ్ అబూ హనీఫా అభిప్రాయం. లోకం సహించనంత నష్టానికి అమ్మితే చెల్లదని ఆయన శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్‌ల వాదం. మండీలో పత్తి దించిపోయే రైతుకు ఏ వాదం రక్షణనిస్తుందో వేరే చెప్పనక్కరలేదు.

పట్టణవాసి పల్లెవాసి తరఫున అమ్మరాదని కూడా హదీసులో ఉన్నది. అనగా అతనికి దలాలి కారాదని ఇబ్నె అబ్బాస్ (రజి) వివరించారు. పల్లెవాసి నేరుగా అమ్మితే పట్టణ ప్రజలకు చౌకగా దొరుకుతుందన్నది అందులోని ఉద్దేశం. అందుకే కరువు, కొరత ఉన్నప్పుడే ఆ నిషేధం వర్తిస్తుందని హనఫీలన్నారు. ఆదోనిలో పరిస్థితి తలక్రిందులు. ఇక్కడ హాని పల్లెవాసికే.

ఆ హాని పాతది. ఆదోని మీదుగా వచ్చిన మద్రాసు రైలుమార్గం 1871లో రాయచూరు వద్ద బొంబాయి మార్గంతో కలిసింది. దానితో ఇక్కడి పత్తికి దూరపు మిల్లుల దారి తెరుచుకున్నది. అయితే భారతదేశపు అంగళ్ళలో ధర ఎలా తేలేదో రాజ కీయ వ్యవసాయ కమీషన్ 1928 నివేదిక చెప్పింది: గుడ్డ మాటున వేళ్ళ సైగలతో బేరం, మచ్చు పేరిట, ధర్మాదాయం పేరిట కోతలు. మదీనాలో అందరికీ వినిపించిన ధర ఇక్కడ సరకు యజమానికే తెలిసేది కాదు. మద్రాసు ప్రభుత్వం 1933లో వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం చేసింది. అప్పటికి బళ్ళారి జిల్లాలో ఉన్న ఆదోని, 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలు జిల్లాలో చేరింది. 1966లో ఆంధ్రప్రదేశ్ మార్కెట్ల చట్టం వచ్చింది.

చట్టానికి సులభంగా అందనిది అప్పు. విత్తనాలకు, ఎరువులకు మండీలో పెట్టుబడి తెచ్చుకున్న రైతు పంటను ఆ మండీకే తోలుతాడు. అప్పును, అమ్మకాన్ని ఒకదానితో ఒకటి ముడిపెట్టడం ధర్మసమ్మతం కాదని అబ్దుల్లా బిన్ అమ్ర్ (రజి) ద్వారా వచ్చిన హదీసు తెలుపుతున్నది. అప్పిచ్చినవానికి షరతుగా లభించే ప్రయోజనాన్ని ఫుఖహా వడ్డీగానే లెక్కించారు. వడ్డీ రాయకుండా, పంట తన మండీకే రావాలని షరతు పెట్టి కమీషను పొందేవాడు ఈ సూత్రానికి వెలుపల ఉన్నాడనడం కష్టం. ఋణదాత అయిన వకీలుకు తన బాకీ త్వరగా రావాలి; రైతుకు ధర రావాలి. ఈ రెండూ ఎల్లప్పుడూ ఒకటి కావు.

ఇప్పుడు వేలం యంత్రం మీదికి ఎక్కింది. 1995లో అమెరికాలో మొదలైన ఈబేలో ఇతరుల ఇంటి వస్తువులను కమీషనుకు అమ్మిపెట్టే మధ్యవర్తులు పుట్టారు. దొంగపేర్లతో ధర పెంచే నజష్ కూడా వారి వెంటే వచ్చింది. భారతదేశంలో 2016 ఏప్రిల్ 14న 8 రాష్ట్రాలలోని 21 మార్కెట్లతో ఈ-నామ్ ఆరంభమైంది. తరువాత ఆదోని యార్డు కూడా అందులో చేరింది. వ్యాపారులు కుప్పలు పరిశీలించి తమ ధరలను కంప్యూటరులో నమోదు చేస్తారు. గడువు ముగిశాక హెచ్చు ధర వెల్లడవుతుంది. గుడ్డ మాటు బేరానికి చోటు లేదు. వచ్చిన ధర నచ్చకపోతే నిరాకరించే హక్కు రైతుకున్నది. మండీలో బాకీ ఉన్న రైతు మాత్రం ఆ హక్కు వాడుకునే ముందు ఏజెంటు ముఖం చూస్తాడు.