చెయ్యి తిరగడం: లాడ్ బజార్ లక్క గాజుల కార్ఖానాలు, మన ఉపాధ్యాయ విద్య

చార్మినార్ దగ్గర పడమటికి తిరిగితే లాడ్ బజార్. గాజులు కొనడానికి వచ్చిన ఆమె చెయ్యి చాపుతుంది. దుకాణదారు ఒక చూపు చూసి, బొటనవేలి కింది ఎముక దగ్గర మెల్లగా నొక్కి, లోపలి కుర్రాడికి 'దో ఛే' అని కేక వేస్తాడు. దో ఛే అంటే రెండు-ఆరు: రెండు అంగుళాలు, దానిమీద అంగుళంలో పదహారో వంతులు ఆరు. దాని ముందు సైజు రెండు-నాలుగు. రెండింటికీ మధ్య తేడా మూడు మిల్లీమీటర్ల పైచిలుకు. ఆ మూడు మిల్లీమీటర్లు తప్పితే గాజు మణికట్టు మీద నిలవక జారిపోతుంది, లేదా ఎముక దగ్గరే ఆగి ఆమెను ఏడిపిస్తుంది. టేపు తీయకుండా ఆ కొలత చెప్పగల చూపు ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే ఏ దుకాణదారుడైనా నవ్వి ఊరుకుంటాడు.

లాడ్ బజార్ మీద రాతలకు కొదవ లేదు. కుతుబ్‌షాహీల నగరం, నవాబుల పెళ్లిళ్లు, 'లాడ్' అంటే గారాబమా లక్కా అన్న ఎడతెగని తగువు, బేరం ఎలా ఆడాలో చెప్పే పర్యాటక వ్యాసాలు. ఆ దుకాణాల వెనక, పాతబస్తీ గల్లీల్లో నడుస్తున్నది ఒక విద్యా వ్యవస్థ అన్న దృష్టితో రాసినవి మాత్రం బహు తక్కువ. చరిత్రకారులకు అది వాణిజ్యం, విద్యాశాఖలవారికి అది షాపింగ్. ఈ వ్యాసం పుట్టింది ఆ లోటు మీది చిరాకులోంచే.

వృత్తి నైపుణ్యం మాట వస్తే విద్యాశాస్త్రంలో ముందు వినిపించేది డ్రైఫస్ సోదరుల పేరు. హ్యూబర్ట్ తత్వవేత్త, స్టువర్ట్ గణితం తెలిసినవాడు. బర్క్‌లీలో పనిచేస్తూ 1980లో అమెరికా వైమానిక దళం కోసం ఒక చిన్న నివేదిక రాశారు. కొత్తవాడు నిపుణుడయ్యేలోపు ఐదు మెట్లు ఎక్కుతాడని అందులో తేల్చారు. 1984లో ప్యాట్రీషియా బెన్నర్ ఆ నిచ్చెనను నర్సులకు వేసింది. 1988లో డేవిడ్ బెర్లినర్ దాన్నే తెచ్చి బడిగోడకు ఆనించాడు. నైపుణ్యం గురించి రాసిన పోలాన్యీతో, షాన్‌తో, చివరికి గంటల లెక్క కట్టే ఎరిక్సన్‌తో కూడా ఏదోలా సర్దుకుపోవచ్చు. పేచీ అంతా ఈ నిచ్చెనతోనే.

ఆ సోదరులు చూసింది ఎవరిని? విమానం నడిపేవాళ్లను, చదరంగం ఆడేవాళ్లను, పరాయి భాష నేర్చుకునేవాళ్లను. చేసిన వస్తువును బజార్లో పెట్టి, మర్నాడు అదే వస్తువు మీద మాట పడే మనిషి వాళ్ల లెక్కలో లేడు. నిచ్చెన ఎక్కేవాడు ఒంటరి. పక్కన కూర్చున్నవాడు, గద్దించేవాడు, తిరిగి తెచ్చి మొహాన పడేసే కొనుగోలుదారు ఎవరూ ఆ బొమ్మలో కనిపించరు. ఐదో మెట్టు ఎక్కినవాడు పదేళ్ల తర్వాత కూడా అక్కడే ఉంటాడా అన్న ప్రశ్నకు నిచ్చెన దగ్గర జవాబు లేదు. ఉపాధ్యాయ విద్యకు అన్నిటికన్నా కావలసిన ప్రశ్న అదే.

ఇక కార్ఖానాలోకి. గది చిన్నది. మధ్యలో నిప్పుల భట్టీ, దానిమీద వేడెక్కిన ఇనుప పలక. చుట్టూ కింద కూర్చున్న నలుగురైదుగురు. లక్క అంటే చెట్టు కొమ్మల మీద పురుగు పెట్టే జిగురు. జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల సరుకు. కరిగించి, పొడులు కలిపి, పిండిలా పిసికి, రంగు పట్టించి, ఉండను తాడులా సాగదీసి చక్రం చుట్టూ అద్దుతారు. ఆ మీదట నగ్‌లు, అంటే మెరిసే రాళ్లు, ఒక్కొక్కటిగా పొదుగుతారు. అసలు విద్య ఈ చివరి పనిలో బయటపడుతుంది. లక్క మరీ వేడిగా ఉంటే రాయి మునిగిపోతుంది, అంచున లక్క పొంగి రాయి మొహం మీదికి పాకుతుంది. చల్లారితే రాయి పైపైన కూర్చుంటుంది. అప్పటికి బాగానే కనిపిస్తుంది. వారం తర్వాత ఎవరి పెళ్లిలోనో, ఎవరి చేతి మీదనో ఊడి రాలిపోతుంది. ఈ రెంటి మధ్య ఉన్న వేడిని కొలిచే థర్మామీటరు గదిలో ఉండదు. గాజును పలక మీద ఆడించే వేళ్లకు మెత్తదనం తెలియాలి, లక్క మీది మెరుపు మారడం కంటికి ఆనాలి. ఉస్తాద్ తన గాజు మీదినుంచి తల ఎత్తకుండానే పక్కవాడి తప్పు పట్టుకుంటాడు. ఆయన చెప్పేది ఒక్క మాట, ఒక్కోసారి అదీ ఉండదు. గాజు లాక్కుని, పలక మీద ఒక్కసారి తిప్పి, తిరిగి వాడి ముందు పెడతాడు. పాఠం అంతే.

షాగిర్ద్‌కు, అంటే శిష్యుడికి, మొదట దక్కే పని గమనించాలి. రాళ్లు సైజుల వారీగా ఏరడం, తర్వాత పొదగడం. లక్క వండడం ఆఖరిది. అంటే వస్తువు పూర్తయ్యే చోట చదువు మొదలై, వస్తువు పుట్టే చోటికి వెనక్కి నడుస్తుంది. 1970లలో లైబీరియాలో వై, గోలా దర్జీల దగ్గర జీన్ లేవ్ చూసిందీ ఇదే వరస: ముందు గుండీలు, అంచులు, ఆ తర్వాత కుట్టు, చివరికి కత్తిరింపు. తప్పు చేస్తే నష్టం తక్కువ ఉన్నచోట కొత్తవాణ్ణి కూర్చోబెట్టడం ఇందులోని కిటుకు. పైగా పూర్తయిన వస్తువు మొదటి రోజునుంచే వాడి కళ్ల ముందు ఉంటుంది. ఇదే లేవ్, వెంగర్‌తో కలిసి 1991లో వెలువరించిన పుస్తకంలో అమెరికా మాంసపు దుకాణాల సంగతీ ఉంది. కొత్తవాళ్లను పొట్లాలు కట్టే యంత్రం దగ్గర నిలబెట్టడంతో, అనుభవజ్ఞులు కోత కోసే తీరు వాళ్ల కంటపడేదే కాదు. నేర్చుకోలేకపోయారు.

మన బి.ఎడ్. రెండో రకం. 2014 నాటి జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్.సి.టి.ఇ.) నిబంధనలతో కోర్సు రెండేళ్లయింది. బడిలో గడపవలసిన ఇరవై వారాల్లో పదహారు రెండో ఏటికి పెట్టారు. ముందు లక్క వండడం మీద ఉపన్యాసాలు, నగ్ పొదగడం తర్వాతెప్పుడో. ఉద్యోగంలో చేరాక సంగతి ఇంకా విచిత్రం. గదిలో ఒక టీచరు, మూసిన తలుపు, పక్క గదిలో ఏం జరుగుతోందో తెలియదు. ఇరవై ఏళ్ల సర్వీసులో తోటి టీచరు పాఠం చెప్పడం ఒక్క పూటైనా పూర్తిగా చూడనివాళ్లు ఎందరో.

డ్రైఫస్‌కు మెట్లు కావాలి. తెలుగువాడికి అక్కర్లేదు, 'చెయ్యి తిరిగినవాడు' అంటే చాలు. పాతబస్తీ ఉర్దూలో అదే 'హాథ్ బైఠ్‌నా', చెయ్యి కూర్చోవడం. ఒక భాషలో చెయ్యి తిరుగుతుంది, ఇంకో భాషలో కుదురుగా కూర్చుంటుంది. రెండింటిలోనూ గద్దె ఎక్కేది చెయ్యే, మనిషి కాదు. పైగా ఈ మాటను ఎవరూ తమ గురించి తాము చెప్పుకోరు, పక్కవాళ్లు అనాలి. నైపుణ్యానికి నిర్వచనం అంతా ఈ మర్యాదలోనే ఉందని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

వచ్చిన నైపుణ్యాన్ని నిలబెట్టుకోవడం సంగతికి వద్దాం. లాడ్ బజార్ పనివాడికి జైపూర్ లక్క పోటీ, ఫిరోజాబాద్ గాజు పోటీ, లోహపు గాజుల పోటీ. ఈ సీజనులో ముత్యాల వరస అడిగినవాళ్లు వచ్చే సీజనులో చీర రంగుకు సరిపోయే రాళ్లు అడుగుతారు. ఫోనులో బొమ్మ చూపించి 'ఇలాగే కావాలి' అంటారు. నిన్నటి నిపుణుడు ఈ ఉదయం మళ్లీ రాళ్లు ఏరుతూ కూర్చోవలసి వస్తుంది. అలా కూర్చోవడం గదిలో ఎవరికీ నామోషీ కాదు. జపాన్ పరిశోధకులు హతానో, ఇనగాకి 1986లో అలవాటు నైపుణ్యం వేరు, కొత్త సమస్యకు తగ్గట్టు మారే నైపుణ్యం వేరు అన్నారు. రెండోది ఎలా వస్తుందో చూడాలంటే ఈ గల్లీకి రావాలి. 2020 జాతీయ విద్యా విధానం మాత్రం ప్రతి టీచరూ ఏడాదికి కనీసం యాభై గంటల శిక్షణ పొందాలంటుంది. గంటలు హాజరు పట్టీలో పడతాయి. చెయ్యి తిరిగిందో లేదో ఆ పట్టీ చెప్పదు.

పనివాళ్ల విషయంలోనూ ప్రభుత్వానిది అదే చూపు. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో ప్రాథమిక శిక్షణ ఐదు నుంచి ఏడు రోజులు, రోజుకు 500 రూపాయల భృతి. గుర్తించిన వృత్తులు పద్దెనిమిది. వడ్రంగి, కమ్మరి, కంసాలి, కుమ్మరి, దర్జీ, చివరికి పూలదండలు కట్టేవాళ్లూ ఉన్నారు. గాజులు చేసేవాళ్లు లేరు. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అందుకు దరఖాస్తు పెట్టింది పనివాళ్ల సంఘమే, 2022లో. ఆ గుర్తింపు గాజుకు, చేసిన చేతికి కాదు.

2015 జనవరిలో ఇదే పాతబస్తీ గాజుల కార్ఖానాల నుంచి 200 మందికి పైగా పిల్లలను పోలీసులు విడిపించిన మాట నిజమే. అయితే ఇక్కడ చెబుతున్నది బడి వయసు దాటిన షాగిర్ద్ గురించి.

లక్క గాజు విషయంలో నిజమైనది పాఠం విషయంలోనూ నిజమే. నైపుణ్యం ఒకరి బుర్రలో మెట్లుమెట్లుగా పేరుకునే ఆస్తి అన్న నమ్మకం ఉన్నంతకాలం జిల్లా విద్యా శిక్షణ సంస్థలు (డైట్‌లు), శిక్షణ మాడ్యూళ్లు, ధ్రువపత్రాలు ఎన్ని పెట్టినా వృథా ఖర్చే. నలుగురు టీచర్లు ఒకే భట్టీ చుట్టూ కూర్చునే ఏర్పాటు ముందు కావాలి: ఒకరి పాఠం ఒకరు చూడాలి, తప్పు అక్కడికక్కడే పట్టుకోవాలి, పట్టుకున్నందుకు ఎవరూ నొచ్చుకోకూడదు. ఉపాధ్యాయ వృత్తి ప్రమాణాలను 2030లో సమీక్షించాలని విద్యా విధానమే చెప్పింది. ఆ సమీక్షా సంఘంలో కూర్చోబోయే పెద్దలకు ఒక విన్నపం. దశల పట్టిక గీసేముందు ఒక్క వారం లాడ్ బజార్ వెనక గల్లీలో ఏదైనా కార్ఖానాలో కింద కూర్చుని రాళ్లు ఏరండి.