కళాశాలా కథలలో చెలి ప్రేమ: ముగింపుల చరిత్ర

కథ యొక్క ముగింపు రచయిత యిచ్ఛ ననుసరించి యేర్పడునని మనము సామాన్యముగా తలంచుచుందుము. ఇద్దరు విద్యార్థినుల పరస్పర ప్రణయమును వర్ణించిన కథల విషయమున ఈ తలంపు నిలువదు. వానిని ముగించినవారు పెక్కుచోట్ల ప్రచురణకర్తలు, తపాలా అధికారులు, శాసనములు. ఈ సంగతి నెరుగక, ఆ విషాదాంతములను స్త్రీ స్వభావమునకు సాక్ష్యములుగా గ్రహించుట చరిత్రపద్ధతి కాదు. దీనిని కొన్ని యుదాహరణములతో నిరూపించుటయే మా యుద్దేశము.

1952లో అమెరికా దేశమున మారిజేన్ మీకర్ అను రచయిత్రి ‘విన్ ప్యాకర్’ అను మారుపేరుతో ‘స్ప్రింగ్ ఫైర్’ అను నవలను ప్రకటించెను. కళాశాల విద్యార్థినుల వసతిగృహమున ఇద్దరు యువతులు ఒకరినొకరు ప్రేమించుట అందలి వస్తువు. చౌకవెల పుస్తకముగా వెలువడిన యీ నవల పదిలక్షలకు మించిన ప్రతులు అమ్ముడుపోయినది. అయినను తుద కొక యువతి మానసిక చికిత్సాలయము పాలగును. రెండవ యామె తాను ఎన్నడును ఆమెను ప్రేమింపలేదని నిశ్చయించుకొనును. ఈ ముగింపు ప్రచురణకర్త కోరినది. సుఖాంతమైనచో తపాలాశాఖవారు ప్రతులను పట్టుకొందురని ఆయన భయము. 2004 నాటి పునర్ముద్రణ పీఠికలో రచయిత్రియే ఈ సంగతిని తెలిపినది.

1973లో వెలువడిన రీటా మే బ్రౌన్ నవల ‘రూబీఫ్రూట్ జంగిల్’ దీనికి భిన్నమైనది. నాయిక మాలీ బోల్ట్ తన గదిలోని సహాధ్యాయినితో గల ప్రేమ బయటపడుటచే విశ్వవిద్యాలయమును విడువవలసివచ్చును. కాని ఆమె పశ్చాత్తాపపడదు, శిక్షగా మరణింపదు. ఈ నవలను తొలుత ముద్రించినది స్త్రీలు నడపిన ‘డాటర్స్’ అను చిన్న సంస్థ. ముద్రాపకులు మారినంతనే ముగింపును మారినదని గ్రహింపవలెను.

భారతదేశమున ఇస్మత్ చుగ్తాయ్ 1942లో ఉర్దూభాషలో వ్రాసిన ‘లిహాఫ్’ కథపై లాహోరు న్యాయస్థానమున అశ్లీలతాభియోగము నడచి వీగిపోయినది. 1974లో వి. టి. నందకుమార్ మలయాళమున వ్రాసిన ‘రండు పెణ్‌కుట్టికళ్’ నవలలో యువతుల ప్రేమ యౌవనపు తాత్కాలిక దశగా పరిణమించును. 1981లో విజయ్ తెండూల్కర్ మరాఠీ నాటకము ‘మిత్రాచీ గోష్ట’ ప్రదర్శింపబడినది. అందు కళాశాల విద్యార్థిని సుమిత్ర తన మనసును ఒక సహాధ్యాయునకు వెల్లడించును. ఆమె కథను మనకు వినిపించువాడును అతడే. ఆమె ఆత్మహత్యతో కథ ముగియును. ఈ మలయాళ, మరాఠీ రచనలు రెండును పురుషులవి. 1998లో ‘ఫైర్’ చలనచిత్రమును ప్రదర్శించు థియేటర్లపై దాడులు జరిగిన మరుసటి సంవత్సరమే అశ్వినీ సుక్తాంకర్ సంపాదకత్వమున ‘ఫేసింగ్ ది మిర్రర్’ అను ఆంగ్ల సంకలనము వెలువడినది. అందు స్త్రీలు తమ ప్రేమను తామే చెప్పుకొనిరి; వారిలో పలువురు మారుపేర్ల చాటున నిలువవలసివచ్చినది.

ఇక తెలుగు సంగతి. మన భాషలో ‘చెలి’ యను పదము స్నేహితురాలికిని ప్రియురాలికిని సమానముగా వర్తించును. రెండింటి నడుమ గీటు గీయని పదము మనకు అనాదిగా కలదు. గీటును గీచినది ఆధునిక సాహిత్యమే. 1960 దశకమున యద్దనపూడి సులోచనారాణి ప్రభృతుల ప్రణయనవలలు విశేష పాఠకాదరణ పొందినవి. అట్టి నవలలలో స్నేహితురాలు బహుళముగా నాయిక రహస్యములను విను పాత్రయే. ప్రేమ నాయకునకే చెందును, కథ పెండ్లిపందిటిలో ముగియును.

స్త్రీ తన కోరికను తాను చెప్పుటపై మనకు గల అసహనమునకు ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ చరిత్రయే ప్రమాణము. అది స్త్రీపురుష శృంగారకావ్యమే. అయినను బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో పరిష్కరించి ప్రకటింపగా, మరుసటి యేట ప్రభుత్వము నిషేధించినది. నిషేధము 1947లో గాని తొలగలేదు. ఓల్గా రచించిన ‘విముక్త’ కథలు 2015లో సాహిత్య అకాడమీ పురస్కారము నందినవి; అందు సీతకు మార్గము చూపువారు శూర్పణఖ, అహల్య, రేణుక మున్నగు స్త్రీలే. ఇది ప్రణయము కాదు. కాని స్త్రీకి స్త్రీయే దారిచూపు కథనము తెలుగున మన్నన పొందినదనుటకు నిదర్శనము.

ఈ వస్తువుపై తెలుగు కళాశాలానవల వ్రాయబడినచో దాని రంగస్థల మెట్టిది? హైదరాబాదు తూర్పుభాగమును పరిశీలింతము. సైనికోద్యోగుల నివాసమునకై యేర్పడిన సైనిక్‌పురిలో 1993 నుండి భారతీయ విద్యాభవన్ వారి డిగ్రీ కళాశాల కలదు. నాచారము, ఉప్పల్ ప్రాంతములకు ఉస్మానియా విశ్వవిద్యాలయము సమీపము. ఇట్టిచోట విద్యార్థినులలో ననేకులు ప్రొద్దున బస్సెక్కి సాయంకాలమునకు ఇల్లు చేరుదురు. అమెరికా నవలలకు వసతిగృహపు గది ఆధారము. ఇచటి కథకు ఇల్లే ఆధారము. ఆ బాలిక తనను గూర్చి చెప్పవలసిన మాటను కన్నతల్లి యెదుట, రాత్రి భోజనమువేళ చెప్పవలసియుండును. చెప్పిన పిదప ఆమె నిద్రింపవలసినదియు ఆ యింటనే.

శాసనము కొంత మారినది. 1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ సెక్షను, పరస్పరాంగీకారము గల వయోజనుల విషయమున వర్తింపదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తీర్పు చెప్పినది. కాని 2023 అక్టోబరు 17న ఆ న్యాయస్థానమే స్వలింగ వివాహమునకు గుర్తింపు నిరాకరించినది. ఆ వ్యాజ్యము వేసినవారిలో హైదరాబాదు వాసులైన జంట యొకటి కలదు. తెలుగు ప్రణయనవలకు పెండ్లియే మంగళాంతము. ఆ మంగళాంతము ఈ నాయికలకు నేటికిని న్యాయసమ్మతము కాదు.

కావున, ఇట్టి కథ ఎట్లు ముగిసినదని మాత్రమే గాక, దానిని ముద్రించిన దెవరు, ఎవరికి వెరచి ముద్రించిరి, వేరొక ముగింపునకు ఆనాడు అవకాశమున్నదా యని పరిశోధక విద్యార్థులు ప్రశ్నింపవలెనని మా మనవి. ఒక నాయిక మరణమును రచయిత యభిప్రాయముగా వ్యాఖ్యానించుటకు ముందు, ఆమెకు జీవించు వీలు ఆ పుస్తకమున నుండెనో లేదో తెలిసికొనుట మన విధి.